ఉసిరేరు పరిగెల జాతకం

రోహిణి కార్తె, 4వ రోజు. నీటి వేడి 27. పెద్ద చేపలు 138.

తొలి కాన్పు లెక్క తేలింది. వంద గుడ్లకు పదకొండు పిల్లలు. అందులో మూడింటికి వెన్ను వంకర. నిరుడు పంతొమ్మిది, ముందటేడు ముప్ఫై ఎనిమిది. ఈ లెక్క ఎటు పోతోందో చెప్పడానికి జాతకాల పెట్టె అక్కర్లేదు, నాలుగో తరగతి పిల్ల చాలు.

అయినా పెట్టె తెరిచాను, పని పనే కాబట్టి. చేప తోక అంచు గోటి మొనంత కత్తిరించి గాజుపలక మీద పెడితే, పావుగంటలో దాని తాతముత్తాతలు ఏ నీళ్లలో తిరిగారో, ఎవరికి ఎవరు ఏమవుతారో చెప్పేస్తుంది. దాని అసలు పేరు మూరెడు ఉంటుంది. జాతకాల పెట్టె అన్నది నేను పెట్టుకున్న పేరు. ఈ రోజు అది చెప్పిందేమిటంటే, ఉసిరేరులో మిగిలిన ఈ నూట ముప్ఫై ఎనిమిది ఎర్రతోక పరిగెలూ ఒకే తల్లి కడుపున పుట్టినంత దగ్గర. సంబంధం కలుపుకోవడానికి పరాయివాళ్లే లేని ఊరు ఇది.

మధ్యాహ్నం కేంద్ర కార్యాలయం నుంచి దినకర్‌గారు తెరమీదికి వచ్చారు. మనిషి మంచివాడే. చెడ్డ కబురు చెప్పే ముందు భోజనం సంగతి అడుగుతాడు. ఆ మాట వినగానే నాకు ఆకలి చచ్చిపోతుంది.

"భోంచేశారా సింగారమ్మగారూ?"

"అయింది. చెప్పండి."

"ఆరుద్రలో పెద్ద కాన్పు ఉంటుంది కదండీ. అందులో వందకి పదిహేను దాటకపోతే మన చేపల స్టేషన్ మూసేయమని పైనుంచి వచ్చింది. చేపల్ని గడ్డకట్టించి భద్రం చేస్తాం. వాగుని కలుపుకాలవలోకి మళ్లిస్తాం."

"గడ్డకట్టించింది చేపవుతుందా అండీ?"

"సమాచారం ఉంటుంది కదండీ."

ఉంటుంది. పోయిన మా అన్న ఫొటో కూడా నా దగ్గర ఉంది.

నదుల్ని ఒకదానికొకటి కలిపే ఈ కలుపుకాలవలు వచ్చాక దేశంలో ఏ నదిలో వల వేసినా ఒకటే చేప పడుతోంది. బూడిదరంగు, లావుపాటి ఒళ్లు, ఎక్కడిదని అడిగితే అన్నిచోట్లదీ అని చెప్పాల్సిన చేప. ఆ కాలువల చెయ్యి తగలని వాగులు ఈ కొండల్లో నాలుగు మిగిలాయి. ఉసిరేరు వాటిలో చిన్నది. నాకు మాత్రం అదొక్కటే వాగు.

రోహిణి కార్తె, 10వ రోజు. నీటి వేడి 28. పెద్ద చేపలు 136.

కొండవతల వాగు నుంచి చేపలు తెచ్చి కలపొచ్చు కదా అని దినకర్‌గారు మళ్లీ అడిగారు. నిరుడు అనుమతి తెచ్చుకుని అదే చేశాం. మా తర్వాత వచ్చేవాళ్లు ఇంకోసారి చేయకుండా ఇక్కడ రాసి పెడుతున్నాను.

పటం మీద ఆ వాగు మూడు కిలోమీటర్లు. పెట్టె లెక్కలో అరవై వేల ఏళ్లు. ఒకప్పుడు ఆ వాగూ ఈ వాగూ ఒకటే నీరై ఉత్తరానికి పారేవట. మధ్యలో నేల లేచి కొండయింది. మన వైపు మిగిలిన నీళ్లు దారి లేక దక్షిణానికి తిరిగాయి. ఆ నీళ్లతో తిరిగిన చేపలు మనవి. ఆ పాత నది ఇప్పుడు ఏ పటంలోనూ లేదు, ఈ చూపుడువేలంత చేప ఒంట్లో మాత్రం ఉంది. కొండవతలి చేపలు అప్పటినుంచీ నిదానపు నీళ్లకు అలవాటు పడ్డాయి. వాటితో పుట్టిన పిల్లలు నిరుడు మన వాగు ఉరవడికి ఒక్క వానలో కొట్టుకుపోయాయి. నాలుగు వందలు. నేను వల పట్టుకుని నడుంలోతు నీళ్లలో నిలబడి చూశాను.

మన పరిగెలకు నిజమైన బంధువులు దిగువన ఉండేవి. ఏటా తొలకరికి నేరేడుబంద మడుగు నుంచి మెట్టుమెట్టుగా రాళ్లెక్కి వచ్చి, ఎగువ చేపలతో కలిసి గుడ్లు పెట్టేవి. పిల్లల్లో కొన్ని ఇక్కడే ఉండిపోయేవి, కొన్ని దిగువకు వెళ్లిపోయేవి. ఇరవై రెండేళ్ల కిందట ఆనకట్ట కట్టి పెద్దనీళ్లు నింపారు. కాలువ చేపలు ఎక్కివచ్చి మడుగులో పరిగెల్ని మిగల్చకుండా తినేశాయి. ఎగువవాటినైనా కాపాడదామని వాగు పెద్దనీళ్లలో కలిసేచోట వల గోడ కట్టి, ఈ స్టేషన్ పెట్టారు.

నేరేడుబంద మా ఊరు. అరవై అడుగుల నీళ్ల కింద ఉంది. గాలి లేని పూట స్టేషన్ ముందు బండమీద కూర్చుంటే మా ఇల్లు ఏ వైపో తెలుస్తుంది. కనబడేది నీళ్లే, అయినా చూస్తాను. పట్నం ఉద్యోగం రెండుసార్లు వస్తే చేపల్ని వదిలి రాలేనని చెప్పాను. అందులో సగం అబద్ధం.

మృగశిర కార్తె, 1వ రోజు. నీటి వేడి 26. పెద్ద చేపలు 136.

ఈ రోజు ప్రతి తెలుగువాడి ఇంటా చేపల పులుసు. నేను కోడిగుడ్డు వండుకున్నాను. నూట ముప్ఫై ఆరుగురు ఆడపిల్లలూ మగపిల్లలూ కళ్లప్పగించి చూస్తుంటే పులుసు ఎలా దిగుతుంది?

దినకర్‌గారు మాత్రం బొచ్చె ముక్క చప్పరిస్తూ కనిపించారు. భోజనం సంగతి అడగలేదు కాబట్టి మంచి కబురే అనుకున్నాను.

"మీకో వింత చెప్పాలి. జ్వరాల శాఖవాళ్లు మైదానంలో సర్వే చేస్తే, ఒక్క కాలనీలో ఇరవై ఏళ్లుగా డెంగీ లేదటండీ. ఏమిటా అని చూస్తే బావినిండా చిన్న చేపలు. దోమపిల్లల్ని మిగలనివ్వట్లేదు. ఎర్రతోకట. వాళ్లు వాటిని 'ఊరోళ్లు' అంటారట!"

"ఏ కాలనీ?"

"కొత్త నేరేడుబంద."

మునిగిన మా ఊరివాళ్లను తరలించిన కాలనీ అది. ఫొటో పంపమన్నాను. వచ్చినదాన్ని పెద్దది చేసి చూశాను. ఎర్రతోక, తోక మొదట్లో నల్లచుక్క. ఆ చుక్క ఎగువ చేపలకు ఉండదు. అది మా మడుగు చేప.

మృగశిర కార్తె, 2వ రోజు. నీటి వేడి 26. పెద్ద చేపలు 136.

ఇరవై రెండేళ్లుగా ఈ స్టేషన్ పుస్తకంలో రాయనిది ఈ రోజు రాస్తున్నాను.

మావాళ్లలో ఒక ఆచారం ఉంది. మకాం మారితే పాత నీళ్లు, అందులో బతికిన చేపతో సహా, కొత్త నీళ్లలో పోయాలి. అప్పుడుగానీ కొత్త నీళ్లు మనల్ని ఒప్పుకోవు. ఊరు ఖాళీ చేసిన రోజు ప్రతి ఇంటివాళ్లూ ఒక కుండతో బయల్దేరారు.

నాకప్పుడు ముప్ఫై. ఊళ్లో చేపల చదువు చదివి చేపల శాఖలో చేరిన మొదటిదాన్ని. ఒక వాగు చేప ఇంకో నీళ్లలో పడితే జాతులు కలిసిపోతాయని, బతికున్న చేపను దాని వాగు సరిహద్దు దాటించకూడదని పద్నాలుగో నిబంధన రాసింది నేనే. అది అమలు చేయడానికి తనిఖీ గేటు దగ్గర నిలబడిందీ నేనే. రెండు వందల పదకొండు కుండలు కంకర మీద గుమ్మరించాను. చేపలు ఎగిరెగిరి పడ్డాయి. ముసలమ్మలు ఒంగి దోసిళ్లతో ఏరబోతే వద్దని గదమాయించాను. మంచిపని చేస్తున్నాననే అనుకున్నాను, అదే నన్నిప్పుడు కాల్చేస్తోంది. ఆ పక్కనే ప్రభుత్వం నదులన్నిటినీ కలిపేస్తుంటే, నేను కుండలు పట్టుకున్నాను.

చివర్లో మా అన్నా, అడివమ్మ వదినా వచ్చారు. వదిన కుండ కూడా పారబోశాను. "నీళ్లకి మనం ఎవరమో తెలవద్దా, సింగారం?" అంది. నేను నిబంధన చదివి వినిపించాను. రెండో ఏడు అన్న పోయినప్పుడు వెళితే వదిన నావైపు చూడలేదు. మళ్లీ మాటల్లేవు.

ఒక్క కుండా వదల్లేదు. మరి ఆ బావిలోకి ఈ చేపలెలా వచ్చాయో నాకు అంతుపట్టడంలేదు.

మృగశిర కార్తె, 4వ రోజు. కొత్త నేరేడుబంద బావి. నీటి వేడి 27. చేపలు లెక్కపెట్టలేనన్ని.

ఎండతో నడిచే వ్యాను నూట డెబ్భై కిలోమీటర్లకు ఆరు గంటలు తీసుకుంది. ఎటు చూసినా బల్లపరుపు నేల. వీధి పేర్లు మాత్రం మా కొండల పేర్లు. బావి గట్టు మీద వదిన కూర్చుని ఉంది. జుట్టు పూర్తిగా నెరిసింది.

"ఎవురూ?"

"నేను ఒదినా, సింగారాన్ని."

"కళ్లు అవుపడతన్నాయిలే. ఎవురని అడిగింది అందుక్కాదు."

నిలబడే ఉన్నాను. కూర్చోమనలేదు. బావిలో ఎర్రతోకలు తళుక్కుమంటున్నాయి. వచ్చిన పని చెప్పేశాను. ఎగువ పరిగెలు అంతరించిపోతున్నాయని, వందకు పదిహేను రాకపోతే వాగు కాలువలో కలిసిపోతుందని, నలభై చేపలు కావాలని. తర్వాత ఆగలేక అడిగాను.

"నీ కుండ నేనే పారబోశాను గదా ఒదినా. ఇయ్యెలా వచ్చాయి?"

"మీ అన్న బుజాన ఆనపబుర్ర ఉన్నాది, గ్యాపకముందా? అందులో ఏటున్నాదని అడిగావు. జీలుగు కల్లన్నాడు. ఇయాల కూడా తాగాలా, సిగ్గులేదా అని నలుగుర్లో తిట్టి తోలేసావు."

"అవును."

"మీ అన్న కల్లు మానేసి అప్పటికి అయిదేళ్లు. ఊరంతటికీ తెలుసు. నీకే తెలవలేదు. సేప ముత్తాత ఎవురో సెప్తావు, తోడబుట్టినోడు తాగుతాడో తాగడో తెలవదు." వదిన కొంగుతో మొహం తుడుచుకుంది. "ఆ బుర్రలో తొమ్మిది సేపలేసాడు. ఏడు బతికినాయి."

అన్న ఆ రోజు తల వంచుకుని నా తిట్లన్నీ తిన్నాడు. చేపల కోసం తిన్నాడు.

"ఇస్తావా ఒదినా?"

"నాయి గాదు, ఊరియ్యి. ఊరందర్నీ పిలుత్తాను. ఆళ్ల ముందర సెప్పు, ఆ రోజు ఏం సేసావో."

పిలిచింది. రెండు వందల మందిదాకా వచ్చారు. ఏం చేశానో చెప్పాను. తప్పు చేశానన్నాను. ఆ మాట నోటిదాకా రావడానికి ఇరవై రెండేళ్లు పట్టింది, అనడానికి మాత్రం రెండు క్షణాలు చాలాయి. ఒక ముసలాయన, "నా కుండలో పద్దెనిమిదుండీయి," అన్నాడు. అంతే. ఆయనే ముందు తాడు పట్టుకుని బావిలో వల దించాడు.

పెట్టె తెరిచి చూశాను. ఈ బావి చేపలన్నీ ఆ ఏడింటి సంతానమే, ఇవీ ఒకదానికొకటి మరీ దగ్గరే. అయితే వీటి లోటు వేరు, వాగులో వాటి లోటు వేరు. అక్కడ పోయింది ఇక్కడ ఉంది. ఇక్కడ పోయింది అక్కడ ఉంది.

చేపల పెట్టెలు వ్యానులో సర్దుతుంటే వదిన చెప్పులేసుకుని వచ్చింది. "నీ సేతికి ఇయ్యను. నేనే అట్టుకొత్తాను."

ఆరుద్ర కార్తె, 3వ రోజు. నీటి వేడి 23. పెద్ద చేపలు 176.

వానలు దంచికొడుతున్నాయి. వాగు ఎర్రగా పొంగింది. నలభై బావి చేపల్నీ మొన్న కాన్పుమడుగులో వదిలాం. తరతరాలుగా కదలని నీళ్లలో పుట్టినవి, ఉరవడికి ఆగుతాయా అని వల పట్టుకుని దిగువన నిలబడ్డాను. వదిలిన క్షణమే తల ఎదురు తిప్పి నిలబడ్డాయి. నేర్పినవాళ్లెవరూ లేరు.

రెండు రోజులు ఎగువవి ఆ ఒడ్డున, బావివి ఈ ఒడ్డున.

"పెళ్లివారూ, ఇడిదింట్లోంచి బయటికి రారేటి?" అని వదిన వానలో నిలబడి కేకలేసింది. మూడో రోజు కలిశాయి.

వాన తెరిపిచ్చాక వదిన బండమీదికి వెళ్లి కూర్చుంది. ఊరు వదిలాక పెద్దనీళ్లను చూడటం ఇదే మొదటిసారి.

"మనిల్లు ఎటేపు?"

చూపించాను.

"రోజూ సూత్తావా?"

"రోజూ."

వదిన అటే చూస్తూ అంది. "మీ అన్న ఆడ బావికాడే కూకునేవోడు, పోయేదాకా. నా సెల్లి ఎప్పుడో వత్తాది, ఇయ్యి సూపించి ఏడిపించాలి అనేవోడు."

అన్న నన్ను ఏడిపించడం నాకెంతో ఇష్టం. అన్న ఉండగా ఒక్కసారి, ఒక్క పూట వెళ్లి ఉంటే ఎంత బాగుండేది.

ఆరుద్ర కార్తె, 12వ రోజు. నీటి వేడి 23. పెద్ద చేపలు 176.

వందకు ఎనభై నాలుగు.

మూడుసార్లు లెక్కపెట్టాను. నాలుగోసారి వదినచేత లెక్కపెట్టించాను. ఎనభై నాలుగు. ఒక్కదానికీ వెన్ను వంకర లేదు. ఈ వయసులో నీళ్లలో గంతులేశాను, మోకాలు పట్టేసింది. వదిన కాపడం పెడుతూ తిట్టింది. ఎంత బాగుందో ఆ తిట్టు.

పునర్వసు కార్తె, 6వ రోజు. నీటి వేడి 24. పిల్లలు 910.

"భోంచేశారా సింగారమ్మగారూ?"

చెప్పమన్నాను.

స్టేషన్ ఉంటుంది. వాగు ఉంటుంది. నేను ఉండను. అనుమతి లేకుండా బతికున్న చేపను సరిహద్దు దాటించినందుకు పద్నాలుగో నిబంధన కింద నన్ను తప్పించారు. పుష్యమి చివరికి కొత్త మనిషి వస్తుంది.

"నేను చాలా చెప్పి చూశానండీ," అన్నారు దినకర్‌గారు. కళ్లు ఎత్తలేదు. "అనుమతికి పెడితే ఏడాది పట్టేదని కూడా చెప్పాను. నిబంధన అంత గట్టిగా ఉంది. రాసింది మీరే కదండీ."

కోపం తెచ్చుకుందామని చూశాను, ఎవరిమీద తెచ్చుకోవాలో తెలియలేదు. అయితే ఏడవలేదని రాస్తే అబద్ధమవుతుంది. ఈ నీళ్ల పక్కనుంచి వెళ్లిపోవడమంటే, నాకు ఊరు రెండోసారి మునిగిపోవడమే.

పుష్యమి కార్తె, 5వ రోజు. నీటి వేడి 24. పిల్లలు 902.

కొత్త చిక్కు. పిల్లలు అంగుళం పెరిగాయి. ఎక్కువభాగం రాళ్ల సందుల్లో చక్కగా మేస్తున్నాయి. మూడు వందల చిల్లర మాత్రం మేత మానేసి వాగు చివరికి చేరి, వల గోడకు మూతులు ఆనించి ఉంటున్నాయి. బకెట్లతో పట్టి పైన వదిలాను. సాయంత్రానికి మళ్లీ వల దగ్గరే. మరునాడూ అంతే.

పెట్టె అడిగితే చెప్పింది. దిగువ చేపల పిల్లలు తొలకరి అయ్యాక మడుగుకు దిగిపోయేవి కదా, ఆ గుణం ఈ మూడు వందలకూ వచ్చింది. నేరేడుబంద మడుగును ఇవి చూడలేదు, వీటి అమ్మలూ చూడలేదు, అమ్మమ్మలూ చూడలేదు. బావిలో దిగువ అనేదే లేదు కాబట్టి ఇన్నేళ్లూ ఆ సంగతి బయటపడలేదు. పారే నీళ్లు తగలగానే ఒంట్లో ఉన్న దారి లేచి కూర్చుంది.

వల తీస్తే పెద్దనీళ్లలో ఒక్క పూట బతకవు, కాలువ చేపలు కాచుకుని ఉన్నాయి. తీయకపోతే మూతులు చిట్లి చస్తున్నాయి. ఈ రోజుకు ఎనిమిది పోయాయి. చీకటి పడేదాకా వల ఇవతల నిలబడి వాటిని చూశాను.

పుష్యమి కార్తె, 12వ రోజు. నీటి వేడి 24. పిల్లలు 890.

కొత్త అమ్మాయి నిన్న వచ్చింది. పేరు మేదిని. పుస్తకాలూ తాళాలూ అప్పగించాను. చురుకైనది, చేపను తడిచేత్తోనే పట్టుకుంటుంది, అది చాలు నాకు. మేత సంగతీ, వానల సంగతీ వివరించాను. వల దగ్గరి పిల్లల్ని ఏం చేయాలని అడిగింది. నాకు తెలియదన్నాను.

వదిన ఈ రోజు కాలనీకి తిరిగి వెళ్లాలి. పొద్దున్నే వల దగ్గర నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చుంది. పిల్లలు ఆమె కాళ్లచుట్టూ మూగాయి, మొహాలన్నీ దిగువకే.

"ఇయ్యి నాకిచ్చేయ్, సింగారం."

"ఏం చేస్తావు ఒదినా?"

"ఊరికి ఎల్తామంటన్నాయి గదా. అట్టుకెల్తాను."

"ఊరేదీ? నీళ్లేగదా ఉన్నాయి," అంటూ పెద్దనీళ్లవైపు చెయ్యి చూపించాను.

వదిన ఆ వైపు చూడనేలేదు. వ్యాను ఆగి ఉన్న బాటవైపు గడ్డం ఎగరేసింది. "ఊరు ఆడుంది. ఊరోళ్లందరూ ఆడనే ఉన్నారు. నువ్వొక్కద్దానివే ఈడ కూకుని ఇరవై రెండేళ్లుగా నీళ్లకేసి సూత్తన్నావు."

నేను వాగులోనే కూలబడి ఏడ్చాను. వదిన ఊరుకోమనలేదు, వీపు నిమురుతూ ఉండిపోయింది. మేదిని పాపం ఎటు చూడాలో తెలియక నీటి వేడి రెండుసార్లు కొలిచింది.

తర్వాత ముగ్గురం కలిసి పిల్లల్ని పట్టాం. బావిలో దిగువ లేదు, అక్కడైతే నెమ్మదిస్తాయి, మేత మేస్తాయి. పద్నాలుగో నిబంధన మళ్లీ తప్పుతున్నానని మేదినితో చెప్పాను. తను ఆ పూట కొండమీద వానకొలత చూడటానికి వెళ్లిందని రాసుకోమంది. రాసుకున్నాను.

వాగులో ఉండిపోయే పిల్లలు 570. ఇకపై లెక్క మేదిని రాస్తుంది.

వ్యానులో తొమ్మిది పెట్టెలు. పిల్లలు 320. మనుషులు ఇద్దరు.